స్కోర్ 4-4, మరి గెలిచిందెవరు? 'అవే' (away) గోల్స్ లెక్క కట్టే పద్ధతి

పాత చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌ల హైలైట్స్ చూసేవాళ్లకు ఎక్కడో ఒకచోట ఈ డౌట్ తప్పదు. రెండు మ్యాచ్‌లూ కలిపితే 4-4. అయినా ఎక్స్‌ట్రా టైమ్ (అదనపు అరగంట ఆట) లేదు, పెనాల్టీలు లేవు. ఒక టీమ్ గంతులేస్తూ ఉంటుంది, ఇంకో టీమ్ గడ్డి మీద కూలబడి ఉంటుంది. మా అన్నయ్య కొడుకు ఫుట్‌బాల్ చూడ్డం మొదలుపెట్టింది 2022 వరల్డ్ కప్‌తో. అప్పటికే యూరప్‌లో ఈ అవే గోల్స్ రూల్, అంటే ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో వేసిన గోల్స్ చూసే రూల్, ఎత్తేశారు. అందుకే రోమా, బార్సిలోనా మ్యాచ్ పెట్టుకున్నప్పుడల్లా "అత్తా, ఇది డ్రా కదా?" అంటాడు. వాడికి చెప్పిన లెక్కే ఇక్కడ రాస్తున్నా. నేను సికింద్రాబాద్‌లో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్తాను కాబట్టి మధ్యమధ్యలో ఖాతా పుస్తకం వాసన వస్తే సర్దుకోండి.

ముందు రూల్ ఏంటో

రెండు లెగ్‌ల పోటీలో ఒకే జంట రెండుసార్లు తలపడుతుంది. ఒకసారి వీళ్ల గ్రౌండ్‌లో, ఇంకోసారి వాళ్ల గ్రౌండ్‌లో. రెండు మ్యాచ్‌ల గోల్స్ కూడితే వచ్చేది అగ్రిగేట్. అగ్రిగేట్ ఎవరికి ఎక్కువుంటే వాళ్లు తర్వాతి రౌండ్‌కి వెళ్తారు, అంతటితో కథ అయిపోయింది. ఇద్దరికీ సమానమైతేనే అవే గోల్స్ రూల్ లేచి కూర్చుంటుంది. అప్పుడు ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో ఎవరు ఎక్కువ గోల్స్ వేశారో వాళ్లు గెలిచినట్టు. అదీ సమానమైతే ఎక్స్‌ట్రా టైమ్, ఆ తర్వాత పెనాల్టీలు.

కామెంటేటర్లు దీన్నే "బయట వేసిన గోల్ రెండింతలు" అని ఊదరగొట్టేవాళ్లు. ఆ మాట పట్టుకుని లెక్క కడితే కొంప మునుగుతుంది. ఉదాహరణకి ఒక టీమ్ ఇంట్లో 4-2తో గెలిచి, బయట 0-1తో ఓడిందనుకోండి. అగ్రిగేట్ 4-3, వాళ్లే గెలిచారు, అనుమానమే లేదు. రెండింతల లెక్క వేస్తే ఎదుటి టీమ్ బయట వేసిన రెండూ నాలుగవుతాయి, ఇంట్లోది ఒకటి కలిస్తే ఐదు. అంటే ఓడిన టీమ్‌ని గెలిపించేస్తారన్నమాట. కాబట్టి ఏ గోల్‌నీ రెట్టింపు చేయొద్దు. ముందు అగ్రిగేట్ చూడాలి, అది సమానమైతే తప్ప రెండో మెట్టు ఎక్కకూడదు.

కాగితం మీద

మొదట్లో కాగితం మీద రాసుకుంటేనే మంచిది. ఎందుకంటే టీవీలో స్కోర్ వేసేటప్పుడు హోమ్ టీమ్ పేరు ముందు వస్తుంది. రెండో మ్యాచ్‌కి పేర్లు తారుమారవుతాయి. చాలామందికి లెక్క తప్పేది ఇక్కడే.

2018 చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ తీసుకుందాం.

మొదటి లెగ్: బార్సిలోనా 4, రోమా 1
రెండో లెగ్: రోమా 3, బార్సిలోనా 0

ఇప్పుడు ఒక్కో టీమ్‌కి రెండు కాలమ్‌లు గీయండి, ఒకటి ఇంట్లో, ఒకటి బయట. బార్సిలోనాకి ఇంట్లో 4, బయట 0. రోమాకి ఇంట్లో 3, బయట 1. అడ్డంగా కూడితే ఇద్దరికీ 4. ఇక "బయట" కాలమ్ చూస్తే రోమాకి ఒకటి, బార్సిలోనాకి సున్నా. రోమా సెమీస్‌కి వెళ్లింది.

రోమ్‌లో మనోలాస్ 82వ నిమిషంలో కొట్టిన మూడో గోల్‌నే అందరూ గుర్తుపెట్టుకున్నారు. కానీ అంతకు వారం ముందు బార్సిలోనాలో స్కోర్ 3-0 ఉన్నప్పుడు 80వ నిమిషంలో జెకో ఒకటి వేశాడు. ఆ గోల్‌ని చూసి ఎవరూ కేరింతలు కొట్టలేదు. ఏడు నిమిషాలకి సువారెజ్ నాలుగోది కొట్టేసరికి అది పడిన సంగతే మర్చిపోయారు. మా కాలమ్‌ల భాషలో చెప్పాలంటే, బయట కాలమ్‌లో రోమాకి ఉన్న ఆ ఒక్క అంకె జెకోదే. అది లేకపోతే రోమ్‌లో 3-0 కూడా చాలేది కాదు.

కాగితం లేకుండా

ఇప్పుడు అసలు చిట్కా. మా వాడికి కాలమ్‌లు గీసే ఓపిక లేదు, అందుకని వాడి కోసం దీన్ని ఇంకా కుదించాను.

అగ్రిగేట్ సమానమైనప్పుడు రెండు మ్యాచ్‌ల్లో ఏ మ్యాచ్‌లో మొత్తం మీద ఎక్కువ గోల్స్ పడ్డాయో చూడండి. ఆ మ్యాచ్‌కి బయటి నుంచి వచ్చి ఆడిన టీమే గెలిచినట్టు.

అంతే. ఎవరు ఎన్ని వేశారో విడదీయక్కర్లేదు. రోమా విషయంలో మొదటి మ్యాచ్‌లో ఐదు గోల్స్, రెండో దాంట్లో మూడు. ఐదు పడ్డ మ్యాచ్ బార్సిలోనాలో జరిగింది, అక్కడికి వెళ్లింది రోమా. కాబట్టి రోమా.

ఇది ప్రతిసారీ ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్తాను, లేకపోతే నమ్మబుద్ధి కాదు. అగ్రిగేట్ సమానం అంటే ఇంట్లో ఎంత తేడాతో గెలిచారో, బయట సరిగ్గా అంతే తేడాతో ఓడినట్టు. అంటే రెండు మ్యాచ్‌ల్లోనూ హోమ్ టీమ్‌కి ఉన్న ఆధిక్యం ఒకటే. పై ఉదాహరణలో రెండుసార్లూ మూడు. ఆధిక్యం మారనప్పుడు ఒక మ్యాచ్‌లో గోల్స్ ఎక్కువ పడ్డాయంటే ఇద్దరికీ సమానంగా పెరిగినట్టే. 3-0కి ఇద్దరికీ ఒక్కో గోల్ కలిపితే 4-1. ఆ పెరిగిన దాంట్లో అతిథి వాటా ఎటూ ఉంటుంది. కాబట్టి పెద్ద స్కోర్ పడ్డ మ్యాచ్‌లోని అతిథికే బయటి గోల్స్ ఎక్కువ.

కొన్ని చూసి సరిచూసుకోండి. 2019 సెమీస్‌లో లండన్‌లో టాటెన్‌హామ్ 0, అయాక్స్ 1. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ 2, టాటెన్‌హామ్ 3, లూకాస్ మౌరా మూడో గోల్ 90 నిమిషాలు దాటాక ఆరో నిమిషంలో. ఒక గోల్ పడ్డ మ్యాచ్ ఒకటి, ఐదు పడ్డ మ్యాచ్ ఇంకొకటి. ఐదు పడ్డచోట అతిథి టాటెన్‌హామ్. అదే టాటెన్‌హామ్ అంతకుముందు రౌండ్‌లో మాంచెస్టర్ సిటీ మీద ఇంట్లో 1-0 గెలిచి, బయట 3-4తో ఓడింది. ఒకటి, ఏడు. మళ్లీ టాటెన్‌హామే. 2021లో పారిస్ టీమ్ పీఎస్‌జీ, బయర్న్ మీద మ్యూనిక్‌లో 3-2తో గెలిచి, పారిస్‌లో 0-1తో ఓడింది. ఐదు, ఒకటి. మ్యూనిక్‌కి వెళ్లింది పీఎస్‌జీ. ఇది క్లబ్బుల సంగతే కాదు. 2006 వరల్డ్ కప్‌కి వెళ్లేందుకు ఆడిన ప్లే-ఆఫ్‌లో స్విట్జర్లాండ్ ఇంట్లో టర్కీ మీద 2-0 గెలిచి, ఇస్తాంబుల్‌లో 2-4తో ఓడింది. రెండు, ఆరు. ఓడిపోయిన మ్యాచ్ నుంచే స్విస్ వాళ్లు వరల్డ్ కప్‌కి వెళ్లారు.

మరి రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్స్ సమానంగా పడితే? అగ్రిగేట్ సమానం, మొత్తం గోల్సూ సమానం అంటే రెండు స్కోర్లూ అద్దంలో చూసినట్టు ఉంటాయి, ఇక్కడ 3-1 అయితే అక్కడా హోమ్ టీమ్‌కే 3-1. అప్పుడు ఏ కాలంలోనైనా ఎక్స్‌ట్రా టైమే. 2025 సెమీస్‌లో బార్సిలోనా, ఇంటర్ మిలన్ మొదటి మ్యాచ్ 3-3, మిలన్‌లో 90 నిమిషాలు ముగిసేసరికి కూడా 3-3. "పాత రూల్ ఉండుంటే ఎవరు గెలిచేవాళ్లు?" అని ఆ రాత్రి మా వాడు మెసేజ్ పెట్టాడు. ఎవరూ కాదు, అప్పుడూ ఎక్స్‌ట్రా టైమే. ఫ్రత్తేసీ 99వ నిమిషంలో కొట్టిన గోల్‌తో ఇంటర్ 4-3, మొత్తం 7-6.

మ్యాచ్ నడుస్తుండగా

అయిపోయిన మ్యాచ్‌కి లెక్క కట్టడం తేలిక. అసలు టెన్షన్ సెకండ్ లెగ్ నడుస్తుండగా ఉంటుంది. గోల్ పడిన ప్రతిసారీ "ఇప్పుడు ఇంకెన్ని కావాలి?" అని పక్కనున్నవాళ్లు అడుగుతూనే ఉంటారు. దీనికి ఒక్క అంకె గుర్తుంటే చాలు. ఇవాళ ఇంట్లో ఆడుతున్న టీమ్, మొదటి మ్యాచ్‌లో బయట ఎన్ని గోల్స్ వేసింది? ఆ అంకె మ్యాచ్ మొదలయ్యే ముందే చేతిలో పెట్టుకోండి.

ఇవాళ్టి అతిథి టీమ్ గోల్స్ ఆ అంకె కంటే తక్కువున్నంతసేపు హోమ్ టీమ్‌కి అగ్రిగేట్ సమం చేస్తే చాలు. ఆ అంకెకి సమానమైతే, సమం చేస్తే ఎక్స్‌ట్రా టైమ్ వస్తుంది. దాటిపోయిందంటే సమం చేసినా ఇంటికే, ఒకటి ఎక్కువ కొట్టాల్సిందే. ఇంకో లాభం ఏంటంటే, అతిథి ఆ అంకె దాటిన క్షణం నుంచి ఎక్స్‌ట్రా టైమ్‌కి అవకాశమే ఉండదు, ఎందుకంటే పడిన గోల్ వెనక్కి పోదు. రాత్రి పన్నెండున్నరకో ఒకటిన్నరకో మొదలయ్యే మ్యాచ్ చూస్తూ పొద్దున్నే క్లాస్ ఉన్నవాళ్లకి ఇది చాలా పనికొచ్చే సమాచారం.

2017లో బార్సిలోనా, పీఎస్‌జీ మ్యాచ్ ఈ లెక్కకి పాఠ్యపుస్తకం లాంటిది. పారిస్‌లో పీఎస్‌జీ 4-0తో గెలిచింది. అంటే బార్సిలోనా చేతిలో ఉన్న అంకె సున్నా. సొంతగడ్డ మీద బార్సిలోనా 50వ నిమిషానికి 3-0 చేసింది. అగ్రిగేట్ 3-4. పీఎస్‌జీ గోల్స్ కూడా సున్నాయే కాబట్టి ఇంకొకటి కొడితే ఎక్స్‌ట్రా టైమ్, రెండు కొడితే నేరుగా గెలుపు. స్టేడియం హోరెత్తిపోతోంది. 62వ నిమిషంలో కవాని కొట్టాడు.

ఆ ఒక్క గోల్ ఏం చేసిందో చూడండి. అగ్రిగేట్ 3-5 అయింది, అది పైకి కనపడేది. కనపడనిది ఏంటంటే, అతిథి గోల్స్ సున్నా దాటేశాయి. ఇక 5-5 చేసినా బార్సిలోనాకి లాభం లేదు. క్షణం క్రితం రెండు గోల్స్ దూరంలో ఉన్న గెలుపు మూడు గోల్స్ దూరం జరిగింది, ఎక్స్‌ట్రా టైమ్ అన్న చిన్న తలుపు కూడా మూసుకుపోయింది. స్టేడియం ఎందుకంత నిశ్శబ్దమైపోయిందో ఈ లెక్క తెలిస్తేనే అర్థమవుతుంది. 88వ నిమిషం దాకా అదే స్కోర్. అప్పుడు నెయ్‌మార్ ఫ్రీకిక్‌తో ఒకటి, 91వ నిమిషంలో పెనాల్టీతో ఇంకొకటి. 5-1. అగ్రిగేట్ 5-5. హైలైట్స్‌లో ఇక్కడ ఆపి చూడండి, బంతి పట్టుకుని సెంటర్‌కి పరుగెత్తేది బార్సిలోనా వాళ్లే. సమం చేసిన టీమ్ అంత హడావుడి పడుతోందంటే, వాళ్లకి తాము ఇంకా ఓడిపోతున్నామని తెలుసు. 95వ నిమిషంలో సెర్జీ రొబెర్తో కాలు చాపాడు, 6-1.

మరో మ్యాచ్ రెండు ముక్కల్లో. 2009 సెమీస్‌లో చెల్సీ, బార్సిలోనా మొదటి మ్యాచ్ బార్సిలోనాలో 0-0. లండన్‌లో 9వ నిమిషంలో ఎసియెన్ గోల్‌తో చెల్సీ ముందుంది. 93వ నిమిషంలో ఇనియెస్టా 1-1 చేశాడు. చెల్సీ చేతిలో ఉన్న అంకె సున్నా, ఇనియెస్టా గోల్‌తో అది దాటిపోయింది. సమం చేసిన గోల్ అక్కడ గెలిపించిన గోల్ అయింది.

ఫస్ట్ లెగ్‌లో ఏ స్కోర్ మంచిది?

ఇంట గెలిచి రచ్చ గెలవమని మన సామెత. ఈ రూల్ నడిచిన రోజుల్లో కోచ్‌లు ఇంట గెలవడం కంటే ఇంట్లో గోల్ తినకపోవడం గురించే ఎక్కువ భయపడేవాళ్లు. ఎందుకంటే ఫస్ట్ లెగ్ ఇంట్లో ఆడినవాళ్లకి 1-0, 2-1 ఒకటి కావు. 1-0తో గెలిచి వెళ్తే, అక్కడ 1-2తో ఓడినా పైకి వెళ్తారు. 2-1తో గెలిచి వెళ్తే, అక్కడ 0-1తో ఓడితే చాలు, బయటికి. ఇంట్లో 0-0 కూడా అంత చెడ్డదేం కాదు, అక్కడ గోల్స్ పడిన డ్రా ఏదైనా పనికొస్తుంది. 1-1 మాత్రం చెడ్డది, ఎదుటివాళ్లు వాళ్ల ఇంట్లో తలుపులేసుకుని 0-0 కాపాడుకుంటే సరిపోతుంది.

నా మటుకు నాకు ఆ కాలపు ఫస్ట్ లెగ్‌లు చూడ్డం విసుగు. దాడి చేయాల్సిన హోమ్ టీమ్ వెనక్కి నక్కి కూర్చునేది. సెకండ్ లెగ్‌లే బాగుండేవి.

ఎక్స్‌ట్రా టైమ్‌లో వేసినవి కూడా లెక్కేనా?

యూరప్ పోటీల్లో రూల్ ఉన్నన్నాళ్లూ లెక్కే. నాకు ఈ రూల్ మీద ఉన్న ఒకే ఒక్క గట్టి అభ్యంతరం ఇది. రెండు టీమ్‌లూ బయట 90 నిమిషాలు ఆడాయి, బాగుంది. ఎక్స్‌ట్రా టైమ్ వస్తే సెకండ్ లెగ్ అతిథికి బయట ఆడే సమయం 120 నిమిషాలవుతుంది. అంటే బయటి గోల్ వేయడానికి వాళ్లకొక్కరికే అరగంట అదనం.

2021లో పోర్టో, యువెంటస్ ఆట చూడండి. పోర్టో ఇంట్లో 2-1. ట్యూరిన్‌లో 90 నిమిషాలకి యువెంటస్ 2-1. అద్దంలో బొమ్మలా ఒకటే స్కోర్, ఎక్స్‌ట్రా టైమ్ మొదలైంది. పోర్టోలో తరేమి 54వ నిమిషంలోనే రెడ్ కార్డ్‌తో వెళ్లిపోయాడు, పదిమందే మిగిలారు. 115వ నిమిషంలో సెర్జియో ఒలివీరా నేల మీదుగా ఫ్రీకిక్ కొట్టాడు, అది అడ్డంగా వరస కట్టి పైకెగిరిన యువెంటస్ ఆటగాళ్ల కాళ్ల కింద నుంచి దూరి గోల్‌లో పడింది. 117వ నిమిషంలో రాబియో తలతో ఒకటి వేశాడు. 3-2, అగ్రిగేట్ 4-4. ఎక్స్‌ట్రా టైమ్‌లో చెరొకటి వేశారు, కానీ పోర్టోది బయటి గోల్, యువెంటస్‌ది ఇంటి గోల్. యువెంటస్ ఇంటికి. పదిమందితో అంతసేపు నిలబడ్డ పోర్టో అంటే నాకు గౌరవమే. కానీ ఆ లెక్క మాత్రం మింగుడుపడదు. రూల్‌ని 90 నిమిషాల వరకే ఉంచి, ఎక్స్‌ట్రా టైమ్‌కి తీసేసి ఉంటే సరిపోయేది. ఇంగ్లండ్ లీగ్ కప్ సెమీస్‌లో ఇంకో రకం నడిచింది. అక్కడ 90 నిమిషాలకి అవే గోల్స్ చూసేవాళ్లు కాదు, ఎక్స్‌ట్రా టైమ్ కూడా ముగిశాకే లెక్కలోకి తీసుకునేవాళ్లు.

రిఫరీలకే ఈ పేచీ అర్థం కాని రోజులున్నాయి. 1971లో కప్ విన్నర్స్ కప్ అనే యూరప్ క్లబ్బుల పోటీలో గ్లాస్గో రేంజర్స్ ఇంట్లో స్పోర్టింగ్ లిస్బన్ మీద 3-2తో గెలిచింది. లిస్బన్‌లో 90 నిమిషాలకి స్పోర్టింగ్ 3-2. ఎక్స్‌ట్రా టైమ్‌లో చెరొక గోల్, 4-3. మొత్తం 6-6. మన చిట్కా ప్రకారం ఐదు, ఏడు, కాబట్టి రేంజర్స్. డచ్ రిఫరీ మాత్రం పెనాల్టీలు కొట్టించాడు, రేంజర్స్ ఓడిపోయింది, స్టేడియం సంబరాల్లో మునిగింది. ఆ తర్వాత రూల్ పుస్తకం తీస్తే ఎక్స్‌ట్రా టైమ్‌లోని బయటి గోల్ కూడా లెక్కేనని తేలింది, షూటౌట్ కొట్టేశారు. ఆ సీజన్ కప్పు చివరికి రేంజర్సే గెలుచుకుంది.

"బయట" అంటే ఎక్కడ?

నేల మీద ఉన్న బయట కాదు, కాగితం మీద ఉన్న బయట. షెడ్యూల్‌లో ఎవరు హోమ్ టీమ్ అని రాస్తే వాళ్లే హోమ్. 2003 సెమీస్‌లో ఏసీ మిలన్, ఇంటర్ మిలన్ తలపడ్డాయి. రెండింటికీ ఇల్లు ఒకటే, సాన్ సీరో. మొదటి మ్యాచ్‌కి ఏసీ మిలన్ హోమ్, 0-0. రెండో దానికి ఇంటర్ హోమ్, 1-1. షెవ్‌చెంకో తన సొంత స్టేడియంలోనే వేసిన గోల్ బయటి గోల్ అయింది, ఏసీ మిలన్ ఫైనల్‌కి వెళ్లి కప్పు కూడా గెలిచింది. కోవిడ్ సమయంలో ఇది ఇంకా విడ్డూరంగా తయారైంది. 2021లో ప్రయాణ ఆంక్షల వల్ల లైప్‌జిగ్, లివర్‌పూల్ ఆడాల్సిన రెండు మ్యాచ్‌లూ బుడాపెస్ట్‌లోనే జరిగాయి. అట్లెటికో మాడ్రిడ్ "ఇంటి" మ్యాచ్ బుకారెస్ట్‌లో పెడితే, అక్కడ చెల్సీ తరఫున జిరూ కొట్టింది బయటి గోల్ కింద రాసుకున్నారు.

ఎందుకు పెట్టారు, ఎందుకు తీశారు

ఇది తెలియకపోయినా లెక్క ఆగదు, కానీ మా వాడు అడిగాడు కాబట్టి క్లుప్తంగా. పూర్వం అగ్రిగేట్ సమానమైతే మూడో ఊళ్లో మళ్లీ మ్యాచ్ ఆడించేవాళ్లు. అదీ తేలకపోతే బొమ్మాబొరుసు. 1965లో లివర్‌పూల్, కొలోన్ టీమ్‌లు 0-0, 0-0, ఆపైన రాటర్‌డామ్‌లో 2-2 ఆడాయి. రిఫరీ రంగు బిళ్ల ఎగరేస్తే మొదటిసారి బురదలో నిలువుగా దిగబడింది. మళ్లీ ఎగరేస్తే లివర్‌పూల్ గెలిచింది. ఆ గొడవలన్నీ తగ్గించడానికీ, బయటికి వెళ్లిన టీమ్ గోల్ ముందు గుంపుగా నిలబడిపోకుండా ఆడించడానికీ యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా 1965-66 కప్ విన్నర్స్ కప్‌లో ఈ రూల్ తెచ్చింది. ఆ సీజన్‌లోనే హంగరీ టీమ్ హోన్వేద్, ప్రాగ్‌లో దుక్లా మీద 3-2 గెలిచి, ఇంట్లో 1-2తో ఓడి కూడా పైకి వెళ్లింది.

అప్పట్లో బయట ఆడటం నిజంగానే కష్టం. తర్వాత అది తగ్గుతూ వచ్చింది. యుయెఫా ఇచ్చిన లెక్కలే చెప్తున్నా. 1970ల మధ్య నుంచి పురుషుల పోటీల్లో హోమ్ టీమ్‌లు గెలిచేది 61 శాతం నుంచి 47 శాతానికి పడిపోయింది, బయటి టీమ్‌ల గెలుపు 19 నుంచి 30 శాతానికి పెరిగింది. గ్రౌండ్‌లు అన్నిచోట్లా బాగుపడ్డాయి, ప్రయాణాలు సుఖమయ్యాయి, వీడియో రిఫరీలు వచ్చారు. ఇంక బయటి గోల్‌కి అంత విలువ ఎందుకని 2021 జూన్ 24న రూల్ ఎత్తేస్తున్నట్టు ప్రకటించి, 2021-22 సీజన్ నుంచి అమలు చేశారు.

మరుసటి ఏడాదే తేడా తెలిసొచ్చింది. 2022 సెమీస్‌లో మాంచెస్టర్ సిటీ ఇంట్లో రియల్ మాడ్రిడ్ మీద 4-3. మాడ్రిడ్‌లో 89 నిమిషాలు ముగిసేసరికి సిటీ 1-0 ముందుంది. రోడ్రిగో రెండు నిమిషాల్లో రెండు కొట్టాడు. అగ్రిగేట్ 5-5, ఎక్స్‌ట్రా టైమ్. అక్కడ బెంజెమా పెనాల్టీతో రియల్ గెలిచింది. పాత రూల్ ఉంటే? ఏడు, మూడు. ఏడు పడ్డచోట అతిథి రియల్. బెంజెమా అడుగు వేయకముందే అయిపోయేది.

మీరు చూస్తున్న పోటీలో రూల్ ఉందా?

సెకండ్ లెగ్ పెట్టుకునే ముందు ఇది తెలుసుకోవాలి. ఆ టోర్నమెంట్ నియమావళిలో స్కోర్ సమానమైతే ఏం చేయాలో చెప్పే పేరా చూడండి. అగ్రిగేట్ తర్వాత వెంటనే ఎక్స్‌ట్రా టైమ్ అనుంటే రూల్ లేనట్టు. మధ్యలో అవే గోల్స్ అని ఉంటే ఉన్నట్టు, అప్పుడు ఎక్స్‌ట్రా టైమ్‌లోని గోల్స్ సంగతి కూడా అక్కడే చదువుకోండి. యుయెఫా పోటీల్లో ఇప్పుడు లేదు. దక్షిణ అమెరికా క్లబ్ పోటీల్లో 2022 నుంచి లేదు, ఆసియా చాంపియన్స్ లీగ్‌లో 2023-24 నుంచి లేదు.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2023 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో గచ్చిబౌలిలో 0-0 ఆడి కోల్‌కతా వెళ్లినప్పుడు "అక్కడ 1-1 చాలు" అన్నవాళ్లు మా స్టాఫ్ రూమ్‌లోనే ఉన్నారు. ఆ పోటీలో రూల్ లేదు, చాలేది కాదు. అక్కడా 0-0 అయి పెనాల్టీల్లో 3-4తో ఓడిపోయాం. ఆ స్కోర్లకి రూల్ ఉన్నా ఒరిగేదేమీ లేదు, అది వేరే సంగతి.

రూల్ ఇంకా బతికున్నచోటు కావాలంటే ఉత్తర అమెరికా వైపు చూడండి, కాంకకాఫ్ చాంపియన్స్ కప్. 2025 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీ ఇంట్లో ఇంటర్ మయామీ మీద 1-0తో గెలిచింది. అంటే మయామీ చేతిలో ఉన్న అంకె సున్నా. రెండో మ్యాచ్‌లో 9వ నిమిషంలోనే లాస్ ఏంజెలెస్ వాళ్లు ఒకటి కొట్టేశారు. అంకె దాటిపోయింది, ఎక్స్‌ట్రా టైమ్ మాట మర్చిపోవచ్చు, మయామీ మూడు కొట్టాల్సిందే. మెస్సీ ఒకటి కొట్టాడు, ఆ తర్వాత ఇంకొకటి పడి 2-1 అయింది, అగ్రిగేట్ 2-2. స్క్రీన్ మీద సమానంగా కనిపిస్తున్నా 84వ నిమిషం దాకా సెమీస్‌కి వెళ్తున్నది లాస్ ఏంజెలెస్ టీమే. అప్పుడు మయామీకి పెనాల్టీ దొరికింది, మెస్సీ కొట్టాడు, 3-1.